రాసిపెట్టని దారి

గా ఫోన్ పక్కకు పెట్టు అక్కా, నీకు దండం పెడ్త. పొద్దటి సంది చూస్తున్న, చేతిల పట్టుకోని గదే ఒత్తుడు. ఒత్తితే బావ పలుకుతడా? మనిషి పోయి పది రోజులాయె. రేపు దినాలు. చుట్టాలందరొస్తరు, ఇంట్ల వంద పనులున్నయి, నువ్వేమో గీ కొట్టంల గోడకానుకోని ఫోన్ చూసుకుంట కూసుంటివి.

ఏంది? ఏం మెసేజ్?

ఎవరు చదివిండ్రు? సుహాసినా? చదువుతది మరి, తొమ్మిదో తరగతి పిల్ల, చదవకుంట ఉంటదా? నీ బిడ్డకు నువ్వే ఇచ్చినవా చదువుమని?

నాకు చూపియ్యకు అక్కా. చూడక్కర లేదు. బావ పోయిన నాడు, పగటి పూట పన్నెండు దాటినంక పది నిమిషాలకు వచ్చింది. టెస్ట్ అని ఒక్కటే ముక్క ఉంటది. పంపింది నేనే.

అవు. నువ్వు అడిగేది నాకు సమజైంది. రీచార్జ్ అయిపోయిన ఫోన్‌కు గిదెట్లొచ్చింది? గంతేనా?

ఎంత సక్కగ అడిగినవ్ అక్కా! పది రోజుల సంది భయపడుకుంట తిరుగుతున్న, ఎవరన్న గీ మాట అడుగుతరేమోనని. పోలీసోళ్ళు అడగలే. మా పెద్ద సార్ అడగలే. ఊర్ల ఇంతమంది చదువుకున్నోళ్ళున్నరు, ఒక్కడు అడగలే. ఏలిముద్ర వేసే నువ్వడిగినవ్.

ఏమో అక్కా, ఫోన్లు గట్లనే ఉంటయి. ఒక్కోసారి వస్తయి, ఒక్కోసారి రావు. టవర్ ఏదో...

లే. అబద్ధమాడుడు ఇగ నాతోని గాదు. జర ఆ తలుపు దగ్గరికెయ్యి. మీ అత్త ఇనొద్దు.

బావ ఏట్ల కొట్టుకపోయిన కాడి నుంచి ఊరంత ఒక్కటే మాట. గేట్లెత్తుతున్నరని అందరి ఫోన్లకు మెసేజ్ వచ్చింది, గాలయ్యకే రాలే. ఎందుకు రాలే? పెండ్లాం రీచార్జ్ చేపియ్యలే. మీ అత్త బిక్షమ్మ అయితే పాడె లేవకముందే షురూ చేసె, నా కొడుకును గిదే మింగింది అని. నువ్వు గూడ నమ్మినవ్. పండుగైనంక చేపిద్దాం తీ అన్న, నా నోరు పడిపోను అని గోడకు తల కొట్టుకుంటివి. నెత్తురొచ్చింది. నేను గడప కాడ నిలవడి చూసిన. చూసి ఊకున్న.

ఊకున్న అక్కా. నాకు తెలిసుండి ఊకున్న.

ఆగు, ఏడ్వకు. మొదటి నుంచి చెప్త. ఇను.

నేను పాలమూరుల ఏం పని చేస్తనో నీకు ఎప్పుడన్న చెప్పిన్నా? బావ మాత్రం అందరికీ చెప్పుకుంట తిరుగుతుండె. మా బామ్మర్ది ప్రాజెక్టు గేట్లెత్తుతడు అని! నేనెత్తుత గేట్లు! నాకు ఇంటి గేటు తీసుడే సక్కగ రాదు. ఆత్మకూర్ సంతల అందరి ముంగట అట్లనే చెప్తే నేను సిగ్గుతోని సచ్చిన ఒకసారి.

గేట్లెత్తేటోళ్ళు వేరే. వాళ్ళు ఎత్తే ముందు మాకు ఫోన్ చేస్తరు. మాది కాంట్రాక్టు ఆఫీసు, రెండు అర్రలు. ఒక అల్మార్ల మెషిన్ ఉంటది, సర్వర్ అంటరు. మన ఇంట్ల ఉన్నసొంటి కంప్యూటర్ గాదు, లినక్స్ మీద నడుస్తది, రాత్రి పగలు నడుస్తనే ఉంటది. ఏటి పొంట ఊర్లల్ల మోటర్లున్న రైతుల నంబర్లన్నీ దాంట్ల ఉంటయి. నాలుగు వందల పన్నెండు నంబర్లు. నేను ఒక్క మీట నొక్కితే అందరికీ మెసేజ్ పోతది. నీళ్ళు వదులుతున్నం, ఏట్లకెల్లి బయటికి రండ్రి అని. గదీ నా నౌకరి.

ఇప్పుడు ఆ మెసేజ్ మా మెషిన్ కాడికెల్లి ఫోన్ కంపెనీ కాడికి పోవాలె గదా. ఒక్కో కంపెనీకి ఒక్కో దారి. ఫలానా కంపెనీది ఫలానా లైన్ పట్టుకోని పో అని మెషిన్‌కు మనమే చెప్పాలె. చెప్పకుంటే ఏదో ఒక లైన్ల తోసేస్తది. ఆడ దాన్ని అందుకునేటోడు ఉండడు. మెసేజ్ గాల్ల కలిసిపోతది.

రెండేండ్ల కింద రోడ్డు వెడల్పు చేసుకుంట జేసీబీతోని మా కేబుల్ తెంపిండ్రు. ఒక కంపెనీ దారి బందైంది. సార్ తల పట్టుకోని కూసున్నడు. నేను కూసోని, దాన్ని రెండో లైన్ మీదికెల్లి తిప్పిన. ఏం లేదు, చేత్తోని ఒక్క వరుస కొట్టిన. పని అయింది. సార్ భుజం తట్టి అందరికీ చాయ్ తెప్పిచ్చిండు.

కానీ చేత్తోని కొట్టింది మెషిన్ నడిచినంత సేపే దానికి యాదుంటది అక్కా. ఆపి మళ్ళ లేపితే మర్చిపోతది. యాదుండాల్నంటే ఫైల్ల రాసిపెట్టాలె. ఎంత సేపు పని? ఒక్క నిమిషం. రేపు రాస్త అనుకున్న. ఆ తెల్లారి గూడ రేపు రాస్త అనుకున్న. అట్ల రెండేండ్లు పోయినయి. మెషిన్ ఎన్నడు ఆపలే, నాకు ఫికర్ లేకపాయె.

బావ సిమ్ము గా కంపెనీదే.

నేనే ఇప్పిచ్చిన, నీకు యాదుందా? నీ గాజుల డబ్బాల దాచిపెట్టినవ్ ఆ సిమ్ము అట్టముక్క. మీ ఊర్ల ఆ సిగ్నల్ సరిగ్గ రాదని అందరు మార్చుకున్నరు. ఆఖరికి మీ ఊర్ల బావ ఒక్కని కాడనే ఉండె. బావను గూడ మార్చుమన్నరట. మా బామ్మర్ది ఇచ్చిన సిమ్ము, నేను మార్చ అన్నడట. మిద్దె మీదికెక్కి మాట్లాడుతుండె గదా, గందుకే.

ఇంకా ఇను. మధ్యల ఆపితే మళ్ళ చెప్పలేను.

నెల సంది పట్నం నుంచి ఒకటే ఆర్డర్. కెర్నల్ అప్‌డేట్ చెయ్యుండ్రి అని. కెర్నల్ అంటే... నీకెట్ల చెప్పాలె... మెషిన్‌ల అన్నిటికన్న అడుగున ఉండి మిగిలినవాటిని నడిపిచ్చేది. దాంట్ల ఏదో బొక్క బయటపడ్డది. దొంగలు లోపలికి సొర్రకుంట కొత్తది ఎక్కియ్యాలె. కొత్తది ఎక్కినంక మెషిన్ ఒక్కసారి ఆపి లేపాలె. లేపకుంటే పాతదే నడుస్తుంటది. ఆపుడంటేనే సార్ ఒప్పుకోకుండె. ఏరు నిండుగున్నది, వానలున్నయి, ఇప్పుడు ఆపితే ఎట్ల అనె.

దసరా నాడు కుదిరింది. ఆయుధ పూజ గదా. ఆ దినం పనిముట్టు ఎవ్వరు ముట్టరు. మీరు నాగలికి బొట్టు పెట్టినట్టే మేం మెషిన్‌కు పెడ్తం. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కొబ్బరికాయ, అన్నీ చేసి ఆ పొద్దంత దాని జోలికి పోరు. పైన గేట్లు గూడ మూసే ఉన్నయి. గిదే మంచి టైం, పని కానియ్యి ఎల్లేష్ అన్నడు సార్. పూజైనంక అందరు ఇండ్లకు పోయిండ్రు. నేనొక్కన్నే ఉన్న.

బొట్టు పెట్టిన మెషిన్‌ను ఆనాడే ముట్టిన. దాని తోనే గిట్లయిందా అని ఒక పొద్దంత ఆలోచించిన తెలుసా? పాపం తగిలింది, దేవుడు చేసిండు అని దేవుని మీదికి తోసేద్దామని చూసిన. దేవుడు ఏం చెయ్యలే అక్కా.

అప్‌డేట్ అయింది. మెషిన్ ఆపిన, లేపిన. మంచిగ లేచింది. లైట్లన్నీ పచ్చగున్నయి.

ఇగ గిప్పుడు చెప్తున్న, గిదే అసలు మాట.

నేను మెషిన్ మీద ఏ పని చేసినా ఆఖర్ల ఒక మెసేజ్ పంపి చూస్త. ఎవరికి? బావకే. ఎనిమిదేండ్ల సంది గంతే. టెస్ట్ అని పంపుత, ఎంబడే ఫోన్ చేస్త. బావా వచ్చిందా అంట. వచ్చింది రా, పాసైనవ్ పో అని నవ్వుతుండె. ఆయన వచ్చింది అంటేనే నా పని అయినట్టు. ఆఫీసుల పరీక్ష చేసే పద్ధతులు వేరే ఉన్నయి, రాసిన కాగితాలున్నయి. నాకు బావ మాట ఉంటే సాలు, గవన్నీ ఎవడు చేస్తడు అనుకునేటోన్ని.

ఆనాడు పంపలే.

ఎందుకు పంపలే? పండుగకు వస్త వస్త అని రాలే గదా నేను. పొద్దున నువ్వే ఫోన్ల చెప్తివి, మీ బావ నీ చేతిల జమ్మి ఆకు పెట్టాల్నని కూసున్నడు, పిల్లగాడు రాలే అని అలిగిండు అని. ఇప్పుడు ఫోన్ చేస్తే తిడ్తడు. బావ తిట్లు నీకు తెల్వనియా? ఊకె తిట్టడు, చిన్నప్పటి నుంచి అన్నీ తీస్తడు. నిన్ను ఆత్మకూర్‌కు కంప్యూటర్ కోచింగ్‌కు సైకిల్ మీద తోల్కపోయిన రా, క్లాస్ అయ్యేదాంక ఎండల నిలవడ్డ రా, గిప్పుడు పండుగకు మొకం చూపియ్యవా రా అంటడు. నిజమే గదా. నిజం గాబట్టే ఇనబుద్ది కాలే. రేపు పంపుత తీ, రేపటికి కోపం తగ్గుతది అనుకున్న.

గంతే అక్కా. నాలుగు తిట్లు పడాల్సొస్తదని.

తెల్లారి పంపలే. మర్చిపోయిన. మూడో నాడు పొద్దుగాల తొమ్మిదిటికి పైన ప్రాజెక్టు నుంచి ఫోనొచ్చింది, గేట్లెత్తుతున్నమని. మీట నొక్కిన. తెర మీద వచ్చింది, నాలుగు వందల పన్నెండు మందికి పంపబడింది అని. మా ప్రోగ్రాం ఎసొంటిదంటే, తన చేతిలకెల్లి బయటికి ఇసిరేస్తే సాలు, పంపినట్టే రాసుకుంటది. అవుతల చేరిందా లేదా అని చూడదు. నేను గూడ చూడలే. చాయ్ తాగిన. పేపర్ చదివిన.

ఏట్ల ఏమైందో నీకు పక్క చేను జానయ్య సగమే చెప్పిండు. ఆడమనిషి తట్టుకోదని దాచిండు. నాకు మొత్తం చెప్పిండు. చెప్పాల్నా?

సరే. బావ ఏటి నడుమ ఇసుకల కూసోని పగిలిన పైపు అతికిస్తున్నడట. జానయ్య గట్టు మీదికెల్లి మొత్తుకున్నడట. గాలయ్యా, గేట్లెత్తిండ్రు, నా ఫోన్ల మెసేజ్ వచ్చింది, బయటికి రా అని. అప్పటికి ఇంకా నీళ్ళు రాలే. లేచి నడిచొస్తే సాలు. పరిగెత్తే పని గూడ లేదు. బావ ఏమన్నడో తెలుసా?

మా బామ్మర్ది నాకు పంపినంకనే ఊరికి పంపుతడు. ఇప్పుడే గట్టు మీద ఫోన్ చూసి దిగిన, నాకు రాలే. నీది పాతదై ఉంటది, జర సక్కగ చూసుకో జానయ్యా అన్నడట. అని మళ్ళ పైపు పట్టుకున్నడట.

జానయ్య రెండు సార్లు పిలిచిండట. మూడోసారికి నీళ్ళే వచ్చినయి.

నన్ను నమ్మి కూసున్నడు అక్కా. ఏటి సప్పుడు నమ్మలే, జానయ్యను నమ్మలే. నన్ను నమ్మిండు. నాకు ఏడుపు గూడ వస్తలేదు, చూడు.

పన్నెండు కొట్టంగ జానయ్య ఫోన్ చేసిండు. మీ బావ కొట్టుకపోయిండు, దొరుకుతలేడు, నీ మెసేజ్ ఎందుకు రాలే రా అన్నడు. మెషిన్ ముంగట కూసోని దారుల లిస్ట్ తీసిన. ఆ వరుస లేదు. ఎక్కడుంటది? మెషిన్ ఆపిన నాడే పాయె. దసరా నుంచి మూడు రోజులు ఆ కంపెనీ నంబర్ ఒక్కదానికి గూడ మా కాడికెల్లి ఏం పోలే. మళ్ళ కొట్టిన. పది సెకన్లు పట్టింది. పది సెకన్ల పని అక్కా!

కొట్టినంక నా ఏళ్ళు అలవాటు కొద్ది బావ నంబర్‌కే టెస్ట్ పంపినయి. నేను ఆలోచించి పంపలే. బావ అంగి, ఫోన్, చెప్పులు గట్టు మీదనే ఉండె గదా. అందరు ఏరు దిక్కు చూస్తుంటే అది అంగి జేబుల మోగే ఉంటది.

రీచార్జ్ అయిపోయినా కొన్ని రోజులు మెసేజ్‌లు వస్తనే ఉంటయి అక్కా. మనం అవుతలికి ఫోన్ చెయ్యరాదు, గంతే. నువ్వు ఆ పొద్దు రీచార్జ్ చేపిచ్చినా ఆ మెసేజ్ వచ్చేది గాదు. నీది ఏం తప్పు లేదు.

మరి ఆ మాట ఎవరు పుట్టిచ్చిండ్రు అంటవా?

నేనే.

మీ అత్త గాదు. ఊరోళ్ళు గాదు. ఆనాడు పొద్దుగూకే ముందు గట్టు మీద నలుగురు నన్ను సుట్టుకున్నరు. అందరికీ వచ్చింది, మీ బావకు ఎందుకు రాలే ఎల్లేష్, నీకు తెలిసుంటది గదా అన్నరు. నా నోట్లకెల్లి ఊడిపడ్డది, రీచార్జ్ అయిపోయిందేమో అని. ఊకె అన్న. నిజంగ అయిపోయిన సంగతి నాకు తెల్వనే తెల్వదు. నువ్వు ఆడనే ఉండి, అవు తమ్మీ, మొన్ననే అయిపోయింది, నేనే చేపియ్యలే అని నేల మీద పడి ఏడ్చినవ్. అబద్ధం ఆడుదామని నోరు తెరిస్తే నువ్వు దాన్ని నిజం చేస్తివి. ఇగ నాకు ఇంకేం చెప్పే పని లేకపాయె.

మనసుల ఎంత హాయిగ అనిపిచ్చిందో తెలుసా ఆ ఒక్క నిమిషం? మా అక్క పడి ఏడుస్తుంటే నాకు హాయిగ అనిపిచ్చింది. బతికిపోయిన అనుకున్న. గసొంటోన్ని నేను.

కొట్టు. ఆ చీపురు తీసుకోని కొట్టు అక్కా. ఎందుకు గట్ల చూస్తవ్?

ఏంది?... రేపా? రేపు దినాలల్ల, పది మందిల చెప్పాల్నా?

మీ అత్త ముంగట గిదే మాట చెప్పు తమ్మీ, ఇంకేమొద్దు అంటవా. అంటవు. నీకు కావల్సింది గదే. నా మీద కేసొద్దు, నా నౌకరి పోవద్దు, నిన్ను మొగన్ని మింగిన దానివి అనొద్దు. గంతే గదా నువ్వడిగేది. ఎంత చిన్నగ అడిగినవ్!

నేను చెప్ప అక్కా.

ఇను. నిన్న ఆఫీసుల ఎంక్వైరీ కాగితం తయారైంది. సార్ చదివి ఇనిపిచ్చిండు. హెచ్చరిక సందేశం సకాలంలో పంపబడినది, మృతుని ఫోన్ రీచార్జ్ గడువు ముగిసినందున చేరి ఉండకపోవచ్చును అని రాసిండ్రు. మృతుని భార్య స్వయంగా ఒప్పుకున్నది అని గూడ రాసిండ్రు. అవు, నీ పేరు తోని. ఐదుగురి సంతకాలు. మెషిన్ చూసుకునేటోని సంతకం ఆఖర్ది.

పెట్టిన. సార్ పెన్నిస్తే పెట్టిన.

హరితను మధ్యలకు తేకు, నా పెండ్లానికి ఏం తెల్వదు. ఎవరి కోసం గాదు. భయం అక్కా. జైలంటే భయం. ఎనిమిదేండ్ల నుంచి నా పని మంచిదని అంటున్న మనుషులు రేపు నా దిక్కు ఏలు చూపిస్తరని భయం. నేను పెద్ద కారణం ఏదో చెప్తనని చూస్తున్నవ్ గావచ్చు. ఇంకేం లేదు నా కాడ.

నువ్వు చెప్పుతవా? చెప్పు. నేను నీ నోరు మూయలేను గదా. కానీ ఎవరు నమ్ముతరు? గా ఫోన్ల టెస్ట్ అన్న ముక్క చూపిస్తే ఎవరికి ఏం సమజైతది? మొగడు పోయిన దుఃఖంల పిచ్చి మాటలు మాట్లాడుతుంది అంటరు. కాగితం మీద చదువుకున్న తమ్ముని సంతకం ఉన్నది అంటరు.

ఏంది? ఏమడుగుతున్నవ్?

ఆ వరుస... ఇప్పుడన్న ఫైల్ల రాసిపెట్టినవా అనా?

అక్కా, నువ్వు గిది అడుగుతవనుకోలే.

రాయలే. రాస్తే దాని పక్కన తారీకు పడ్తది. బావ పోయినంక రాసిండు, అంటే అంతకు ముందు లేదు అని రేపు ఎవడన్న పట్టుకుంటడు. గందుకే చేత్తోనే కొట్టి ఉంచిన, మొదట ఉన్నట్టే. మెషిన్ నడిచినంత సేపు నడుస్తది. మళ్ళ అప్‌డేట్ వస్తే మళ్ళ ఆపాలె. అప్పుడు నేను యాదుంచుకోని కొట్టాలె. నేను ఆ పొద్దు లీవ్‌ల ఉంటే? ఏమో. ఏటి పొంట వేరే ఊర్లల్ల ఆ సిమ్ము ఉన్నోళ్ళు ఇంకా అరవై మంది ఉన్నరు, ఆనాడు ఏట్ల లేరు గాబట్టి బతికిండ్రు. పేర్లతోని సహా తెలుసు నాకు.

అనకు. ఏమనొద్దు. నాకన్నీ తెలుసు. తెలిసే చేస్తున్న.

మీ అత్త పిలుస్తున్నట్టుంది. పో. కండ్లు తుడుచుకో.

రేపు వస్త. బామ్మర్ది రాకుంటే నలుగురు నాలుగు తీర్ల అనుకుంటరు. మీ అత్త పది మందిల మళ్ళ షురూ చేస్తది, రీచార్జ్ అని, నా కొడుకును మింగింది అని. అప్పుడు నువ్వు నా దిక్కు చూస్తవ్. చూడకు అక్కా. నేను పలుక. విస్తరి ముంగట తల దించుకోని కూసుంట. పెట్టింది తింట. చెయ్యి కడుక్కోని పాలమూరు బస్సెక్కుత.